వేగం చెప్పని మనిషి

పన్నెండో గుంట దగ్గరికి వచ్చేసరికే టక్ మిరాన్‌కు ఓపిక అడుగంటింది. గాంగ్వన్ కొండల్లోని ఆ గోల్ఫ్ మైదానంలో పదిహేనేళ్లుగా ఆటగాళ్ల కర్రలు మోసి, దారి చెప్పే క్యాడీ పని చేస్తోంది. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, అంటే గ్రీన్, ఏది ఎటు వాలి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఇవాళ తగిలినవాడు ప్యో డైరెక్టర్. అడిగేదీ ఆయనే, విననిదీ ఆయనే.

"ఎటు కొట్టాలమ్మా?"

"గుంటకి ఎడమగా రెండు గుంటల వెడల్పు చూసి కొట్టండి, డైరెక్టర్ గారూ. కిందికి వాలు. మెల్లగా తోస్తే చాలు, అదే కుడికి తిరుగుతుంది."

ఆయన ఠపీమని కొట్టాడు. తిరగడానికి తీరికే లేనట్టు బంతి గుంటకు ఎడమగా దూసుకుపోయి, గ్రీన్ దాటి గడ్డిలో పడింది.

"తిరుగుతుందన్నావుగా!"

"మెల్లగా పోతే తిరుగుతుందన్నానండీ."

"నేను కొట్టింది మెల్లగానే!"

స్నేహితుడు మెంగ్ పకపకా నవ్వాడు. "ఇదే మెల్లగా అయితే, నువ్వు గట్టిగా కొడితే బంతి సముద్రంలో తేలుతుందిరా!"

ఆ మాటకు ఉడుక్కున్న ప్యో, పదమూడో గ్రీన్ మీద బెదిరి కొట్టాడు. అక్కడ బంతి ఎగువకు ఎక్కాలి. గట్టిగా కొట్టమని మిరాన్ రెండుసార్లు చెప్పింది. బంతి సగం దారిలోనే నీరసించి, కుడివైపు పల్లానికి జారిపోయింది.

"వాలు తప్పు చెప్పావు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతిచోటా ఇదే పాట. తప్పు వేగానిది, తిట్లు వాలుకి. వాలుకి చెవులు లేవు కాబట్టి అవి మిరాన్‌కే.

చివరిదైన పద్దెనిమిదో గ్రీన్ మీద ఆమె బంతి తుడిచింది కానీ ఎప్పటిలా కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ముందు మీరు చెప్పండి. గట్టిగా కొడతారా, మెల్లగానా? దాన్నిబట్టే నేను దారి చెప్పగలను, డైరెక్టర్ గారూ."

ప్యో తెల్లబోయాడు. "గట్టిగానే."

"అయితే గుంట ఎడమ అంచుకే. సూటిగా."

గురి కోసం బంతి మీద ఉండే గీతను అటు తిప్పి పెట్టింది. ఆయన కర్ర వెనక్కి తీశాడు. చివరి క్షణంలో చెయ్యి జంకింది. బంతి నింపాదిగా వెళ్లి, గుంట ముంగిట కుడికి ఒరిగి, జానెడు దూరంలో ఆగిపోయింది.

మెంగ్ ఈసారి నవ్వలేదు. "ఒరేయ్, నీ మాట నువ్వే వినలేదు కదరా."

"గడ్డి తడిగా ఉంది" అన్నాడు ప్యో, బంతి జేబులో వేసుకుంటూ.

వాన పడి వారమైంది. "అవునండీ" అని మిరాన్ జెండా గుంటలో నిలిపింది. పళ్లు బిగపట్టి బిగపట్టి దవడ నొప్పెడుతోంది.

మధ్యాహ్నం ఇంకో నలుగురు ఆటగాళ్లు ఉన్నారు. ఈలోగా తిండికి ఇరవై నిమిషాలు. చల్లటి నూడుల్స్‌ను తినే పుల్లలతో కసిగా పొడుస్తూ, "తడి అట, తడి!" అంది.

ఎదురుగా తింటున్న చిన్న క్యాడీ ఉలిక్కిపడింది. "నన్నా అక్కా?"

"నిన్ను కాదే. తిను."