బోరు ఇచ్చిన నీడ

పామిడిలో పెన్న ఒడ్డుకు పోయే దారిలో, చర్చికి నాలుగిళ్ళ అవతల, జయరాజు ఇంటి వసారా ఉదయం ఎనిమిదింటికే సర్కారు కచేరీగా మారుతుంది. ప్రార్థన ముగించుకొని, బల్లను తడిగుడ్డతో తుడిచి, సిరాపెన్ను నింపి ఆయన కూర్చున్నాడంటే, ఇక మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా లేవడు. కోర్టులో గుమాస్తాగా చేరి, శిరస్తదారుగా పదవీ విరమణ చేసిన మనిషి. పదవి పోయినా పద్ధతి పోలేదు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు కాగితాలు తెస్తారు. ఆయన జవాబులు రాసిపెడతాడు.

పూర్వం గట్టు తగాదాలు, పింఛను అర్జీలు వచ్చేవి. ఇప్పుడు బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ వకీళ్ళ కంపెనీలు పంపే నోటీసులే ఎక్కువ. ట్రాక్టరు కంతులు, సెల్‌ఫోను కంతులు, బోరు కంతులు, అన్నీ వాయిదా బాకీలే. అప్పిచ్చినది ఒక కంపెనీ, ఆ అప్పును కొనుక్కున్నది ఇంకొకటి, దాని తరఫున బెదిరించేది మరొకటి. మొదట దుడ్లు లెక్కపెట్టి చేతిలో పెట్టిన మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు.

జయరాజుకు రెండు నియమాలున్నాయి. వచ్చినవాళ్ళు చెప్పింది రాస్తాడే గాని, ఏం చెప్పాలో తాను చెప్పడు. గుమాస్తా సలహాలివ్వడం మొదలుపెడితే కాగితం ఎవరిదో తెలియకుండా పోతుందని ఆయన నమ్మకం. రెండవది, సిరా ఆరనిదే కాగితం మడవనివ్వడు. అద్దుడు కాగితం బజారులో దొరకడం మానేసినప్పటి నుంచి, సంతకమైన కాగితాన్ని వాకిలి మెట్టు మీద ఎండలో పరిచి, పైన పెన్న నుంచి తెచ్చిన గులకరాయి ఒకటి పెడతాడు. బాల్‌పెన్ను ఎందుకు వాడవని భార్య కృపాకుమారి అడగడం ఎప్పుడో మానేసింది.

ఆ ఉదయం పొద్దు బాగా ఎక్కాక, వాకిట్లో ఆరబెట్టిన వడియాల మీద చేటంత నీడ పడింది.

"తిప్పమ్మక్కా! నీ మోడాన్ని పక్కకు జరుపుకో తల్లీ. వడియాలు ఇంగా పచ్చిగానే ఉండాయి" అని కృపాకుమారి లోపలి నుంచే కేక వేసింది.

"నేను జరిగితే అదే జరుగుతాదిలే కృపమ్మా. యాడ నిలబడమంటావు?"

"ఆ బొప్పాయి చెట్టుకాడ నిలబడు. పాపం, దానికీ ఎండదెబ్బ తగిలినట్టుండాది."

తిప్పమ్మ బొప్పాయి చెట్టు దగ్గరికి నడిచింది. ఆమె తలకు రెండు నిలువుల పైన తెల్లని చిన్న మబ్బు ఒకటి ఆమెతోపాటు నడిచింది.

ఆ మబ్బు వయస్సు ఎనిమిదేండ్లు. తిప్పమ్మ, ఆమె పెనిమిటి నాగప్ప తమ రెండెకరాల్లో బోరు వేయించిన నాడు అది పుట్టింది. నీళ్ళు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోటనే గుంజ పాతారు. పొలం తిప్పమ్మ పేర ఉన్నందువల్ల అప్పు కాగితాల మీద ఆమే సంతకం చేసింది. బండి వచ్చింది, రాతిలోకి దిగింది, ఎంత దిగినా తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పొడి ఆకాశానికి లేచి, తిరిగి నేల మీద పడకుండా, గట్టు మీద తల పట్టుకొని కూర్చున్న తిప్పమ్మ నెత్తిన నిలిచిపోయింది. మరుసటి ఏడు నాగప్ప గుండెనొప్పితో పోయాడు. కంతులు ఆగిపోయాయి. మబ్బు మాత్రం పోలేదు.

ఉపాధి పనిలో మట్టి తవ్వేటప్పుడు ఆడవాళ్ళు వంతులు వేసుకొని తిప్పమ్మ పక్కన నిలబడేవారు. రేషను వరుసలో ఆమె వెనక చోటు కోసం తోపులాట జరిగేది. బస్సులో కండక్టరు, "పైన వచ్చేదానికి టికెట్టు కొట్టాల్నా అక్కా?" అని ప్రతిసారీ ఒకే పరిహాసం ఆడేవాడు. నీడకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఒకరి మోడాన్ని వాన అడగరాదని ఎవరూ చెప్పకుండానే ఊరంతా అనుకుంది. ఆమె కూడా అడగలేదు. ఎప్పుడూ మబ్బు కిందనే తిరగడం వల్ల, బయట నడిచేటప్పుడు ఆమె నీడ నేల మీద పడేది కాదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తిప్పమ్మ వసారా ఎక్కింది. మబ్బు ఎప్పటిలాగే చూరు దగ్గర, మెట్టుకు పైన ఆగింది. ఆమె కొంగు ముడిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మూడోది సారూ. ఎర్రక్షరాలతో వచ్చింది. ఫోన్లు గూడా చేస్తాండారు. ఇస్తాంలే నాయనా అంటే, నోటి మాట కాదు, రాసిమ్మంటారు."

జయరాజు కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తుది నోటీసు. పదిహేను దినాల్లో జవాబు ఇవ్వకపోతే దావా. వెనక ఒక అచ్చు ఫారం కుట్టి ఉంది. బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ, విడతలుగా చెల్లిస్తానని సంతకం చేసి పంపితే సగం మాఫీ చేస్తారట. ఆయన నోటీసు మీది తేదీలు రెండుసార్లు చూశాడు. కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం రాయమంటావు?" అని అడగడం ఆయన అలవాటు. ఆ పూట అడగలేదు.

"తిప్పమ్మా, విను. నీ అప్పు గడువు ముగిసి మూడేండ్లు దాటిపోయింది. ఇప్పుడు వాళ్ళు కోర్టుకు పోయినా దావా నిలవదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. అందుకే ఈ ఫారం పంపినారు. ఇస్తానని నువ్వు రాసి సంతకం పెట్టినావంటే, చచ్చిన అప్పు లేచి కూర్చుంటుంది. ఆ తర్వాత పొలం మీదికి వస్తారు."

"ఉండేదే ఆ రెండెకరాలు సారూ."

"అందుకే చెప్తున్నాను."

వంటింటి గడపలో కృపాకుమారి ఆగి భర్త వైపు చూసింది. ఆయన ఒకరికి సలహా చెప్పడం ఆమె వినడం అదే మొదలు.

ఆయన తెల్ల కాగితం తీసి జవాబు రాశాడు. తమరు అడుగుతున్న బాకీని నేను అంగీకరించడం లేదు, అది కాలపరిమితి దాటినది, ఇకమీదట ఫోనులో వేధించవద్దు. గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసి, పైకి చదివి వినిపించి, పెన్ను ఆమె వైపు తిప్పి పెట్టాడు.

తిప్పమ్మ పెన్ను ముట్టుకోలేదు.

"అంగీకరించడం లేదంటే?"

"బాకీ లేనని."

"అట్లెట్ల సారూ? తీసుకొంటిమి గదా."

"తీసుకున్నారు. నీళ్ళు పడినాయా?"

"నీళ్ళు పడలేదు. అది పడింది గదా" అని ఆమె గడ్డం ఎత్తి చూరు వైపు చూపింది. "వాళ్ళ దుడ్లతోనే గదా అది పుట్టింది. ఎనిమిదేండ్లు నెత్తిన ఎండ పడకుండా తిరిగితి. అంతమంది సొమ్మసిల్లి పడిపోతాంటే నేను నిలబడి మట్టి మోస్తి. ఉండేదాన్ని నెత్తిన పెట్టుకొని, లేదని యాడ సంతకం చేసేది?"

"చట్టానికి నీడతో పని లేదు."

"చట్టానికి లేకుంటే మానె. నాకు ఉండాది."

కృపాకుమారి కాఫీ లోటాలు పట్టుకొచ్చింది. "అట్లయితే ఆ మోడాన్నే పార్సిలు కట్టి బెంగుళూరికి పంపీ అక్కా. ఆ వకీళ్ళ నెత్తిన తిరుగుతాది. సల్లబడతారు."

"పంపితే పోతాదా కృపమ్మా? మా చెల్లెలి కాన్పప్పుడు, ఆమె తోడ పోరాదా అని బతిమాలితి. మూరెడు పోయి వెనక్కి వచ్చె."

"మొండిది. నీ మాదిరే."

"నాగప్ప మాదిరి" అంది తిప్పమ్మ. కాఫీ ఊదుకుంటూ తాగింది. తర్వాత లోటా కింద పెట్టి, "సారూ, మీరు ఎప్పుడూ మేం చెప్పిందే రాస్తారంటారు. నేను చెప్తా, రాయండి" అంది.

జయరాజు ఇంకో తెల్ల కాగితం తీశాడు. ఒక్కసారి నియమం తప్పినందుకే లోపల ఎక్కడో బెరుకుగా ఉంది. రెండోసారి తప్పే ధైర్యం లేదు. ఆయన తన ఉద్యోగంలో ఎన్ని డిక్రీలకు నకళ్ళు రాశాడో. ఇస్తానన్న ఒక్క వాక్యం ఎంత దూరం పోతుందో ఆయనకు తెలుసు. గట్టు మీద కోర్టు అమీను నిలబడి పొలాన్ని వేలం పాట పెడుతూ ఉంటే, ఇంటివాళ్ళు ఎవరివైపూ చూడకుండా నేల చూస్తారు. అయినా ఆమె చెప్పినట్టే రాశాడు. తన మాట తానే వింటే మనసు మారుతుందేమోనని, ఎన్నడూ లేనంత నెమ్మదిగా రాశాడు.

"బోరులో నీళ్ళు పడలేదు. నీడ పడినది. దానిని ఎనిమిది సంవత్సరాలు అనుభవించినాను. కావున బాకీ ఉన్నాను. వేరుశనగ కోత అయిన తర్వాత కొంచెం కొంచెంగా చెల్లించగలను."

చదివి వినిపించాడు. ఆమె మనసు మారలేదు.

"ఇదీ నిజం" అంది. పెన్ను పట్టుకొని, నాలుక కొస కరుచుకొని, ఒక్కొక్క అక్షరాన్నీ నాటు వేసినట్టు తన పేరు రాసింది.

కాగితాన్ని ఎండకు పరచడానికి ఆయన లేవబోతే, ఆమే అందుకొని మెట్టు మీద పెట్టి, గులకరాయి దాని తల మీద ఉంచింది. చూరు దగ్గరి మబ్బు నీడ సరిగ్గా కాగితం మీద పడింది.

"నీడలో సిరా ఎట్ల ఆరుతుంది? కాస్త అవతలికి పో తిప్పమ్మా" అన్నాడు జయరాజు.

ఆమె మెట్టు దిగి బొప్పాయి చెట్టు దగ్గరికి పోయింది. మబ్బు పోలేదు.

తిప్పమ్మ పైకి చూసింది. ఎండ సూటిగా ఆమె ముఖం మీద పడి, కండ్లు మూతలు పడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టుకొని, "రా" అంది, దూడను పిలిచినట్టు. మబ్బు కదల్లేదు. తెల్లనిది బూడిద రంగుకు తిరిగింది. బూడిద రంగు నల్లబడింది. చూరు ఎత్తు నుంచి మెల్లగా దిగి, మెట్టుకు బారెడు ఎత్తున ఆగింది. ఎండిన మట్టి మీద నీళ్ళు పడకముందే నీళ్ళ వాసన వచ్చింది.

"అయ్యో, వడియాలు!" అని కృపాకుమారి పరుగెత్తి, సగం దారిలో ఆగిపోయింది. వడియాల మీద ఒక్క చినుకు కూడా పడలేదు. మెట్టు మీద మాత్రమే వాన కురిసింది.

అంత చిన్న మబ్బులో అంత వాన ఉంటుందని ఎవరూ అనుకోరు. మెట్టు మీద గిన్నెలు తోమినట్టు చప్పుడైంది. కాగితం మీద మొదట సంతకం కరిగింది. తర్వాత "చెల్లించగలను" కరిగింది. "బాకీ" కరిగింది. నీలం నీళ్ళు మెట్టు అంచు నుంచి జారి, సన్నని కాలువ కట్టి, బొప్పాయి పాదులోకి ఇంకిపోయాయి. చివరికి కాగితం తెల్లటి ముద్దయి గులకరాయికి అంటుకుంది. ఒక్కొక్క చినుకూ పలచబడి, వాన ఆగింది. చూరు దగ్గర ఏమీ లేదు. ఆకాశం మాత్రమే ఉంది.

జయరాజు లేచి నిలబడి ఉన్నాడు. తాను ఎప్పుడు లేచాడో ఆయనకు తెలియదు.

తిప్పమ్మ వచ్చి మెట్టు ముందర గొంతుకూర్చుంది. తడిసిన బండ మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతిని కండ్లకు అద్దుకుంది. ఆమె భుజాలు ఒకసారి కదిలాయి. కృపాకుమారి వెళ్ళి పక్కన కూర్చుంది.

"అయిపోయినట్టుండాది సారూ" అంది తిప్పమ్మ.

"అవునమ్మా."

"రాదింక."

ఆయన మళ్ళీ చూరు వైపు చూశాడు. తెలియనిదానికి జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, వసారా ఎక్కి, బల్ల ముందు నిలబడింది. "ఆ మొదటి కాగితం ఇట్లియ్యండి. వాళ్ళ దుడ్లతో వచ్చింది ఇంక నా దగ్గర లేదు. ఇప్పుడు లేదని రాస్తే అబద్ధం కాదు గదా?"

జయరాజు ఆలోచించాడు. చట్టం సంగతి కాదు, ఆమె అడిగిన సంగతే ఆలోచించాడు.

"కాదు" అన్నాడు.

ఆమె సంతకం చేసింది. ఈసారి కాగితాన్ని ఆయనే తీసుకుపోయి, తడి లేని పై మెట్టు మీద పరిచాడు. అడ్డు లేని ఎండలో సిరా క్షణంలో ఆరింది. మడిచి, కవరులో పెట్టి, చిరునామా రాసి, రసీదు చీటీ అతికించాడు. అచ్చు ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేయమని భార్యకు ఇచ్చాడు. తర్వాత చెప్పులు వేసుకొని గొడుగు అందుకున్నాడు. కక్షిదారు వెంట ఆయన పోస్టాఫీసుకు నడవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"గొడుగు కిందికి రా తిప్పమ్మా. ఎండ తట్టుకోలేవు."

"వద్దు సారూ. అలవాటు కావల్ల గదా."

వీధిలోకి దిగి పది అడుగులు వేసిందో లేదో, ఎవరో వెంటబడి వస్తున్నట్టు తిప్పమ్మ ఉలిక్కిపడి ఆగింది. కిందికి చూసింది. కాళ్ళ దగ్గర, మధ్యాహ్నపు ఎండలో, నల్లగా పొట్టిగా ఆమె నీడ ఉంది. దాన్ని తొక్కకూడదన్నట్టు పక్కకు అడుగు వేసింది. అదీ పక్కకు జరిగింది. ఇంకో అడుగు వేసి చూసింది. అదీ వేసింది.

జయరాజు గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఎండలోనే పోస్టాఫీసు వైపు నడిచారు.