మొగిలవ్వ మంగు, ఎర్ర దీపం

ఊళ్ళోకి నక్సలైట్లు, అదే అన్నలు, వచ్చిపోవడం, వాళ్ళను వెతుక్కుంటూ పోలీసులు వచ్చిపోవడం జరిగే రోజులవి. రాయికల్ పక్కన మా ఊళ్ళో అందరికీ అదే భయం. మా ఆడబిడ్డ మొగిలవ్వకు మాత్రం వేరే భయం. ఆమె రెండు బుగ్గల మీదా నల్లగా మంగు లేచింది. కిందటి పెళ్ళిలో ఫోటోలు తీసేవాడు "అవ్వా, నువ్వు జర ఎన్కకు పో" అని ఆమెను చివరి వరుసకు పంపాడు. ఇప్పుడు కోరుట్లలో ఆమె చిన్న తమ్ముడు, మా మరిది రాజమౌళి బిడ్డ పెళ్ళి పది రోజుల్లో ఉంది. ఈసారి ముందు వరుసలోనే నిలబడాలని ఆమె పంతం.

దుబాయి నుంచి వచ్చిన రాజమౌళి అక్కకు ఒక ఎర్ర దీపం ఇచ్చాడు. "మచ్చలు గుంజుతదట అక్కా. దినాం పది నిమిషాలు మొకానికి పెట్టుకో" అన్నాడు.

నాది సిరిసిల్ల పుట్టిల్లు. మా నాయన నూలుకు రంగు అద్దేవాడు. వెలుతురు సంగతి నాకు చెప్పేదెవరు?

"వదినే, దుకాణం ముంగట ఏలాడేసిన చీర ఎలిసిపోతదా లేదా? నీ మంగు గూడ గట్లనే ఎలుస్తది. పది నిమిషాలకు ఏమైతది? రెండు గంటలు కూసో."

"మంట పుడుతున్నదే సత్తెవ్వా!"

"మంట పుడితేనే మచ్చ ఊడుతున్నట్టు."

పొద్దుగూకే వేళకు కరెంటు వచ్చేది. రాగానే మొగిలవ్వ కిటికీ పక్కన దీపం పెట్టుకుని కూర్చునేది. నాలుగో రోజు బూట్ల చప్పుడైంది. హెడ్డు కానిస్టేబులు లోపలికి వచ్చాడు.

"ఎర్ర లైటు పెట్టి ఏ అన్నలకు ఇషారా చేస్తున్నరే?"

"ఇషారా ఏంది సారూ? మంగుకు పెట్టుకున్న!"

ఆయన దీపం వైపు చూశాడు. ఎండకు మాడిన తన బుగ్గ తడుముకున్నాడు. "పనిజేస్తదా?" అని మెల్లగా అడిగాడు. నేను నూలు సంగతంతా విడమరిచి చెప్పాను. బుద్ధిగా విని, ఎంక్వైరీ చేయాలంటూ దీపం పట్టుకుపోయాడు.

పెళ్ళి రెండు రోజులుందనగా అద్దంలో చూసుకుంటే మంగు పోలేదు సరికదా, వంకాయ రంగుకు తిరిగింది.

"నీ సిరిసిల్ల తెలివి మన్నుగాను!" అని మొగిలవ్వ ఏడుపు అందుకుంది.

జగిత్యాలలో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. వరుసలో మాకంటే ముందు హెడ్డు కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు. మొకం పండుమిరపకాయ, ఒళ్ళో మా దీపం.

డాక్టరమ్మ దీపాన్ని తిప్పి చూసి నవ్వింది. "ఇది నడుం నొప్పికి కాపడం పెట్టే దీపం."

"నిజమే మేడం, నడుం అయితే మంచిగైంది" అన్నాడు హెడ్డు. నేను డాక్టరమ్మకూ నూలు సంగతి చెప్పాను.

"మంగు పెరిగేదే వేడికి, వెలుతురుకు. తోలు నూలు కాదమ్మా. ఎండల నాటేసేటోళ్ళు ఎన్నడన్న తెల్లవడ్డరా?"

ముప్పై ఏళ్ళుగా నాటేసేవాళ్ళను చూస్తున్నాను. ఆ ముక్క నాకు తట్టనే లేదు!

"పెద్ద పట్నాలల్ల మచ్చలకు లైటు మిషన్లు ఉన్నయి గని, అవి గూడ మంగుకు పెడితే ఒక్కోసారి ఇంకింత నల్లగైతది. ఈ మలాం పూసుకో. మొకానికి వెలుతురు తగలనియ్యకు."

మొగిలవ్వ ఆ చివరి మాట గట్టిగా పట్టుకుంది.

పెళ్ళిలో రాజమౌళి "మా అక్క ముంగట్నే ఉండాలె" అని ఆమెను పెళ్ళికూతురి పక్కనే నిలబెట్టాడు. ఎంత మురిసిపోయిందో! ఫోటోలు తీసేవాడు "అందరు గిటు సూడుండ్రి" అన్నాడు. ఫ్లాష్ తళుక్కుమంది.

"అమ్మో, లైటు!" అంటూ మొగిలవ్వ కొంగు మొకం మీదికి లాక్కుంది.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడకు ఉంది. ముందు వరుసలో, పెళ్ళికూతురి పక్కన, ఒక ఆకుపచ్చ కొంగు. ఇంటికి ఎవరొచ్చినా మొగిలవ్వ దాని మీద వేలు పెట్టి చూపించేది.

"గిది నేనే. ముంగట్నే ఉన్న."