వర్త్ తర్వాత ఏదో ఒకటి రావాలి

వర్త్ అనే ఇంగ్లీషు మాట ఒంటరిగా నిలబడదు, దాని వెనకాల ఏదో ఒకటి రావాలి, చదవడమో చూడడమో, అని చెబుతూ బోర్డు మీద రాస్తున్నాను, సుద్దముక్క కీచుమంది, వెనక బెంచీల్లో నవ్వులు, నవ్వుకోండమ్మా, ఇరవై రెండేళ్లుగా ఇదే పాఠం, ఈ పుస్తకం చదవదగ్గది, ఆ ఊరు చూడదగ్గది, అంతవరకూ తేలికే, ముందు నాట్ తగిలించగానే నా చెయ్యి ఆగింది, మూడు వారాల కిందట ఆస్పత్రి వరండాలో పెద్ద డాక్టరు అమ్మ ఫిల్ములు వెలుతురుకెత్తి చూసి పక్కనున్న కుర్ర డాక్టరుతో అన్న మాట అదే, నాట్ వర్త్ ఆపరేటింగ్, వ్యాకరణానికి వంక పెట్టడానికి లేదు, అన్నయ్య నా మోచెయ్యి పొడిచి ఏమంటున్నాడే అన్నాడు, చక్రాల కుర్చీలోంచి అమ్మ నా మొహంలోకే చూస్తోంది, ఇంటిల్లిపాదిలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కదా, చేసినా లాభం లేదంటున్నాడు అని చెప్పాల్సిన నోరు, ఆపరేషన్ అక్కర్లేదట, అంది.

అక్కర్లేదట, ఎంత చల్లని మాట, అన్నయ్య కళ్లు తుడుచుకుని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, అమ్మ చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంది, పిల్లల నోటు పుస్తకాల్లో ఒక్క అక్షరం తప్పినా ఎర్రగా సున్నా చుట్టేదాన్ని, కన్నతల్లి దగ్గర అర్థాన్నే మింగేశాను, పిరికిదాన్ని, రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అమ్మ సూదీ దారం పట్టుకుని కూర్చుంది, నా బట్టల గుండీలు ఊడినవీ ఊడనివీ అన్నీ కుట్టడమే, నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు కదే అంటుంది, ఈ పొద్దున దారం పళ్లతో తెంపి తలెత్తకుండా అడిగింది, అక్కర్లేదంటే ఏమిటే, నాకు ఆపరేషన్ అక్కర్లేదనా, ఆపరేషన్‌కి నేనక్కర్లేదనా, వేళాకోళం కాబోలని నవ్వేసి బస్సుకి టైమైందమ్మా అన్నాను, అమ్మ కూడా నవ్వింది.

మొదటి బెంచీ పిల్ల లేచింది, నాట్ వర్త్ అంటే అక్కర్లేదనేనా టీచర్, లోకంలో ఇన్ని మాటలుండగా దీనికి ఆ మాటే దొరికింది, కాదమ్మా, అక్కర్లేదు వేరు, లాభం లేదు వేరు, అనేశాను, మూడు వారాలుగా గొంతుకడ్డం పడ్డది బడిపిల్ల అడగ్గానే ఎంత సులువుగా ఊడిపడింది, చెయ్యి దానంతటదే మెడ దగ్గరి గుండీ మీదకు పోయింది, గట్టిగా ఉంది, రెండు పేటల దారం, ఇంకో పదేళ్లకైనా కదలదు, ఊడనిదాన్ని ఎందుకు కుట్టింది, తర్వాత కుట్టేవాళ్లు ఉండరనే కదా, అయితే తెలుసు, ఆ వరండాలోనే తెలుసు, నా మొహం చదవడానికి అమ్మకి ఇంగ్లీషు అక్కర్లేదు.