ఉప్పునీళ్ల పరీక్ష

దేవేందర్ మీద జ్యోతిర్మయికి అనుమానం పుట్టించింది అరుంధతి మేడం విసిరిన ఒక పరిహాసం. ఆవిడ డిపార్ట్‌మెంట్ హెడ్, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

"నీ కంప్యూటరు, దేవేందర్ పేగుముక్క ఒక్కసారన్నా కొట్లాడుకోవా అమ్మాయ్? అత్తాకోడళ్లు ఇంత మంచిగుంటే నాకైతే భయమైతది" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆవిడ ఆ మాట అక్కడే మరిచిపోయింది. జ్యోతిర్మయికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఒంట్లోని కణాల మీద రిసెప్టర్లని తాళాల్లాంటివి ఉంటాయి. ఏ మందు ఏ తాళంలో కుదురుకుంటుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడం జ్యోతిర్మయి పని. తొంభై ఆరులో ఆ యూనివర్సిటీకంతటికీ అలాంటి బొమ్మలు తిప్పగల యంత్రం ఒక్కటే. ఆ ఏసీ గదిలోకి చెప్పులు బయట విడిచి, పూజగదికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లు. లెక్క తేలాక మందును సీసాలో పోసి, పైన "ఇది ఆపాలి" అనో "ఇది ఆపదు" అనో రాసి కింది అంతస్తుకు పంపేది.

కింద ఫార్మకాలజీ ల్యాబ్‌లో దేవేందర్ సార్ గినీపిగ్ పేగుముక్కను వెచ్చని ఉప్పునీళ్లలో వేలాడదీసేవాడు. ఒక రసాయనం చుక్క పడగానే పేగు ముడుచుకుంటుంది. మసిపట్టిన కాగితం మీద ముల్లు గీత గీస్తుంది. ముందే వేసిన మందు తాళంలో సరిగ్గా కూర్చుంటే పేగు కదలదు, గీత లేవదు. ఇన్నాళ్లుగా జ్యోతిర్మయి ఆపాలన్నవన్నీ ఆపాయి, ఆపదన్నవి ఆపలేదు. ఆ ఫలితాలతోనే పేపర్ రాసింది. ఏళ్లతరబడి తాత్కాలిక ఉద్యోగంలో నలిగిన మనిషి. సోమవారం పర్మనెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ, చేతిలో ఉన్నదల్లా ఆ పేపరే.

అనుమానం వచ్చాక అన్నీ అనుమానంగానే కనిపించాయి. ల్యాబ్ తలుపు ఎందుకు వేసుకుంటాడు? మసికాగితం చూపించమంటే "మసి చెదరకుంట పూసిన వార్నిష్ ఆరలే మేడం" అని ఎందుకు దాటేశాడు? తార్నాక చౌరస్తాలో ఛాయ్ తాగుతూ, సీసా ఇంకా విప్పకముందే "మీ లెక్క తప్పదు తియ్యున్రి" అన్నాడే, అదేం ధీమా? పని ఎగ్గొట్టి, అంబర్‌పేట్‌లో ఇంట్లో కూర్చుని గీతలు గీసుకొస్తున్నాడేమోనని కూడా అనుకుంది.

శుక్రవారం ఒక సీసాలో ఉత్త ఉప్పునీళ్లు పోసింది. పైన "ఇది తప్పక ఆపాలి" అని రాసింది. ఆయన చేతికిస్తుంటే సిగ్గేసింది, కాస్త సరదా కూడా వేసింది.

మర్నాడు సాయంత్రం దేవేందర్ కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. నల్లటి మసిలో తెల్లటి గీత, ఎక్కడా లేవకుండా సాపుగా ఉంది.

"ఆపింది మేడం."

"అందులో ఉప్పునీళ్లు తప్ప ఏమీ లేవు సార్."

దేవేందర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రెండుసార్లు చేసిన. ఆగలే. మీ లెక్క ఎన్నడు తప్పలే కదా, నా పేగుముక్కనే పాడైంది అనుకున్న. కొత్త ముక్క కోసం ఇంకో జీవాన్ని సంపుడెందుకని అట్రోపిన్ చుక్కేసి గీత తీసిన. గా మందు ఎట్లయినా ఆపుతది."

"అంతకుముందువి?"

"అవన్ని నిజమే మేడం." నేలచూపులు చూస్తూ అన్నాడు. "మీ రాతతోని కలవకపోతే మల్ల చేసెటోన్ని. కలిసేదాక. కలిసినంక ఆపెటోన్ని."

"కలిసినవి మళ్లీ చేశారా?"

"అవెందుకు చేస్త?"

 దొంగ దొరికితే నిలదీసి కడిగేద్దామని చూసింది జ్యోతిర్మయి. ఈ మనిషి తనకోసం ఏమీ తీసుకోలేదు. ఆమెను నమ్మాడు, అంతే. సీసాల మీద ముందే జవాబు రాసి పంపింది ఎవరు? ఏది నిజంగా ఆపిందో, ఏది కలిసేదాకా చేస్తే ఆపిందో ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది.

"ఏడ్వకున్రి" అన్నాడు దేవేందర్, నిజంగా నొచ్చుకుని. "ఎల్లుండి ఇంటర్వ్యూ ఉన్నది. ముందుగాల అది కానియ్యున్రి. తర్వాత పేర్లు రాయకుంట సీసాలియ్యున్రి, అన్ని మల్ల చేస్త. గీ సంగతి మనిద్దరికే తెలుసు."

అందులో ఏ వంకరా లేదు. పాపం, ఆమె మంచికోరే అన్నాడు. ఉద్యోగం వస్తుంది, పరీక్షలు మళ్లీ జరుగుతాయి, ఎవరికీ నష్టం లేదు. వింటుంటే సబబుగానే ఉంది. అంత సబబుగా వినిపించినందుకే జ్యోతిర్మయికి భయమేసింది. ఇన్నాళ్లూ కింది అంతస్తులో తను వెతికిన దొంగ తన కుర్చీలోనే కూర్చుని ఉంది.

కళ్లు తుడుచుకుని లేచింది. రాత్రి గడిస్తే తన మనసు ఏమంటుందో ఆమెకు నమ్మకం లేదు. అరుంధతి మేడం ఇంకా గదిలోనే ఉందని ప్యూను సత్తయ్యను అడిగి తెలుసుకుని, ఆ మసికాగితం చేతబట్టుకుని అప్పటికప్పుడే వెళ్లి తలుపు తట్టింది.