నీళ్ళవాళ్ళమ్మ

మధ్యాహ్నం రెండయ్యేసరికి సీసాల్లో నీళ్ళయిపోయాయి.

పొద్దున్నే ఆరింటికి వచ్చి వరుసలో కూర్చున్నారు తల్లీకూతుళ్ళు. పదకొండింటికల్లా తేలిపోతుందన్నాడు గుమ్మం దగ్గర బంట్రోతు. పెద్ద డాక్టరు వచ్చిందే పన్నెండింటికి. ఆస్పత్రి వరండాలో రెండు కుళాయిలున్నాయి. ఒకదానికి తల లేదు, రెండోదానికి నీళ్ళు లేవు. వీధిలోకి పోయి తెచ్చుకుందామంటే, పిలిచినప్పుడు మనిషి లేకపోతే పేరు అడుక్కి పోతుంది. అడుక్కి పోతే మళ్ళీ పై నెలే. ఈ ఒక్క రోజు, ఆ ఒక్క గదిలో, బిడ్డకు దాహం వెయ్యకూడదని ఆమె ఇంట్లోంచి రెండు సీసాలు మోసుకొచ్చింది. ఎందుకో తెలియాలంటే ఆమె సంగతి కొంత తెలియాలి.

ఆమె గోదాములో చిరిగిన గోనెసంచులు కుట్టే మనిషి. దబ్బనమూ పురికొసా పట్టి పట్టి అరచేతులు కాయలు కాచిపోయాయి. మొగుడు ఎక్కడో సున్నపు బట్టీలో పని చేస్తూ నెలకోసారి ముఖం చూపించి పోతాడు. పాపకు ఏడేళ్ళు. నాలుగేళ్ళు వచ్చేవరకూ ఒక్క మాట లేదు, మనిషి ముఖంలోకి చూపు లేదు. మొద్దుపిల్ల అన్నవాళ్ళతో ఆమె దబ్బనం చేత్తో పట్టుకునే పోట్లాడేది. అప్పుడెవరో చెప్పారు, మాటలు నేర్పే కేంద్రం ఒకటుందని. బయటెక్కడైనా గంటకు ఆమె రెండు రోజుల కూలి అడుగుతారు. అక్కడ మాత్రం, పిల్లకు లోపముందని డాక్టరు కాగితమిస్తే, ఉచితం.

ఆ కేంద్రంలో తల్లులు పెట్టుకున్న ఆచారం ఒకటుంది. ఒకరి పేరు ఒకరు అడగరు. పిల్లల నోట మొదట ఏ మాట వస్తే తల్లికి అదే పేరు. బస్సు అన్నవాడి తల్లి బస్సువాళ్ళమ్మ. టాటా అన్న పిల్ల తల్లి టాటావాళ్ళమ్మ. ఇంకా మాట రాని పిల్లల తల్లులు గోడవారగా పేరు లేకుండా కూర్చుంటారు. ఈమె రెండేళ్ళు అలాగే కూర్చుంది.

మాటల టీచరు చిన్నపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు గానీ, ఆ ఓపిక ఎక్కడిదో! బల్ల మీద నీళ్ళ గ్లాసు, పక్కన బిస్కెట్ ముక్క. "నీళ్ళు" అని తను అనడం, పాప పెదవి కదిపితే ముక్క నోట్లో పెట్టడం.

"మాట ముందు, ముక్క తర్వాత," అనేది తల్లితో. "మీరు జాలిపడి ముందే ఇచ్చేశారనుకోండమ్మా, మన కష్టమంతా మట్టిపాలే."

తల్లి జాలిపడలేదు. ఇంట్లో గ్లాసు పట్టుకుని బిడ్డ ఎదురుగా కూర్చుని, అది ఏడుస్తుంటే తనూ ఏడుస్తూ కూర్చుంది. పోయిన చలికాలం ఒకనాడు పాప గ్లాసు వంక చూసి, ఆ తర్వాత తల్లి ముఖంలోకి చూసి, "నీయ్యు" అంది. గ్లాసు తల్లి చేతిలోంచి జారి ఇల్లంతా నీళ్ళే. మర్నాడు కేంద్రంలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా "నీళ్ళవాళ్ళమ్మా!" అని కేకేశారు. ఆ రోజు గోదాములో ఎవరు పిలిచినా ఆమె పలకలేదట, కొత్త పేరు పెట్టి పిలవలేదని.

ఆ తర్వాత మాటలు ఒకటొకటిగా పదకొండయ్యాయి. ఇంతలో కాగితానికి గడువు దగ్గరపడింది.

మూడేళ్ళకోసారి పెద్ద డాక్టరు పిల్లల్ని మళ్ళీ చూసి, లోపం నూటికి ఇంత అని వేస్తాడు. నలభై ఉంటే కాగితం, కాగితం ఉంటే టీచరు. ముప్పైతొమ్మిది అయిందా, బిడ్డ బాగుపడినట్టే లెక్క, ఇంటికి పొమ్మంటారు. రెండడుగులు వేశాడు కదా అని కుంటివాడి చేతికర్ర లాక్కోవడమే ఇది. ఈ లెక్క కట్టిన మహానుభావుడెవరో గానీ, అతనింట్లో ఇలాంటి బిడ్డ లేదన్నది మాత్రం ఖాయం.

బస్సువాళ్ళమ్మ కేంద్రం గేటు బయటే ఆమెను పట్టుకుంది. లోపలికి రావడానికి బస్సువాళ్ళమ్మకిప్పుడు కాగితం లేదు.

"మావాడి సంగతి చూశావుగా! పోయినేడు ఆ గదిలో పెద్దాయన అడగడమే ఆలస్యం, తొమ్మిది మాటలూ గడగడా అప్పజెప్పాడు. ముందు రోజంతా కూర్చోబెట్టి చెప్పించింది నేనే, నా చేతులు విరిగిపోనూ! ఆయన భుజం తట్టి ముప్పైఅయిదు వేశాడు. నాలుగు నెలలు తిరక్కుండా ఒక్క మాట లేదు. ఇప్పుడు బస్సు కనబడితే చాలు, చెవులు మూసుకుని అరుస్తాడు."

"మరి నన్నేం చెయ్యమంటావక్కా?"

"నోరు విప్పనివ్వకు. ఆ ఒక్కరోజే. తర్వాత నీ ఇష్టం."

నీళ్ళవాళ్ళమ్మ టీచరు దగ్గరికి పోయింది. "రిపోర్టులో పదకొండు మాటలని రాయకండి మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా."

"అబద్ధం ఎలా రాయనమ్మా?" అంది టీచరు. పెన్ను మూత తీసి పెట్టింది, పెట్టి తీసింది. "అయినా అదంతా చదివే తీరిక ఆయనకెక్కడిది? ఎదురుగా పాప ఏం చేస్తే అదే రాసుకుంటారు." అలా అని తల దించుకుంది. ఇద్దరికీ అర్థమైంది.

పెద్ద డాక్టరు చూసే రోజుకు ఇంకా పదకొండు రోజులుంది. తల్లికి కొత్త విద్యలేవీ రావు, వచ్చిందొక్కటే. గ్లాసు, బిస్కెట్ ముక్క. పాప "నీయ్యు" అంటే ముఖం తిప్పుకునేది. పాప వేలు పట్టి పెదవుల మీద పెట్టించి, అప్పుడు ముక్క ఇచ్చేది, ఆ వెంటనే నీళ్ళు. మొదటి రోజు పాప తెల్లబోయింది. సరిగ్గా అనలేదేమో అనుకుందో ఏమో, "నీయ్యు, నీయ్యు" అని ఇంకా గట్టిగా, ఇంకా ముద్దుగా అంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. అయిదో రోజుకు వేలు దానంతటదే పెదవుల మీదికి వచ్చింది. మాటకు రెండేళ్ళు పడితే, మౌనానికి అయిదు రోజులు చాలాయి.

ఒక్క రోజు కోసమే కదా, మళ్ళీ నేర్పుకుంటాలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. "ఈ వారం పాప పలకట్లేదేంటమ్మా?" అని టీచరు అడిగితే, "జలుబు మేడం" అంది.

మూడున్నరకు పిలుపొచ్చింది.

పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ముప్పైమందిని చూసి అలిసిపోయిన కళ్ళతోనే పాపను చూసి నవ్వాడు. బంతి చూపించాడు, దువ్వెన చూపించాడు. పాప వాటి వంక చూడనే లేదు. బల్ల మీద మూత పెట్టిన గాజు గ్లాసు ఉంది. దాని నిండా నీళ్ళు. పాప చూపు అక్కడే అతుక్కుపోయింది.

డాక్టరు అది గమనించి, మూత తీసి గ్లాసు పైకెత్తాడు. "ఏం కావాలి తల్లీ? అడుగు, ఇస్తా."

ఎండిపోయిన పెదవులు విడివడ్డాయి. నాలుక పైకి లేచి పళ్ళకు ఆనింది. తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ఆమె సైగ చెయ్యలేదు, వేలైనా కదపలేదు. అనేస్తే అననీ అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఇంత పెద్ద డాక్టరు తన బిడ్డ గొంతు ఒక్కసారి వింటే ఎంత బాగుండు అనిపించింది.

పాప తల్లి వైపు తిరిగి చూసింది. చూపుడువేలు తెచ్చి పెదవుల మీద పెట్టుకుంది.

"ఇదేంటి?" అన్నాడు డాక్టరు.

"అలవాటండీ."

"ఇంట్లో ఏమన్నా మాట్లాడుతుందా?"

"లేదండీ" అంది తల్లి.

డాక్టరు గ్లాసు కింద పెట్టి మూత వేశాడు. టీచరు రిపోర్టు కాగితాల దొంతర అడుగునే ఉండిపోయింది. మాట లేదు అని రాసి, నూటికి డెబ్బై వేసి, ముద్ర కొట్టాడు. "మూడేళ్ళు నేర్పినా ఒక్క మాట రాలేదంటే కష్టమేనమ్మా. అయినా పంపిస్తూ ఉండండి, ఏముంది," అన్నాడు. బంట్రోతు అప్పటికే మరో పేరు పిలుస్తున్నాడు.

మెట్లు దిగుతుంటే ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. మూడేళ్ళు! ఇంకో మూడేళ్ళు టీచరు ఉంటుంది. పదకొండు మాటలు వంద కావచ్చు, పాప తన పేరు తను చెప్పుకోవచ్చు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, ఎదురుగా కొట్టువాణ్ణి బతిమాలి సీసా నింపుకుని పరుగున వచ్చింది. పాపను ఆస్పత్రి మెట్టు మీద కూర్చోబెట్టి తను కింద మోకాళ్ళ మీద కూర్చుంది.

"అయిపోయిందే నా బంగారం! ఇంక భయం లేదు. అడుగు. నీళ్ళు అను."

పాప సీసా వంక చూసింది. గుటక మింగింది. చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి చాచింది, అరచెయ్యి పైకి పెట్టి. లోపల గదిలో చెప్పిన పని చేసినందుకు బిస్కెట్ ముక్క ఇంకా రాలేదు మరి.

"వద్దు తల్లీ, అది వద్దు. అది అయిపోయింది," అంది తల్లి. "ఇదిగో చూడు, నీళ్ళు. నువ్వే కదే అన్నావు, నాకా పేరు పెట్టింది నువ్వే కదే. నీళ్ళు. అనవే, ఒక్కసారి అనవే. నీళ్ళు..."

పాప తన పెదవుల మీది వేలు తీసింది. ముందుకు వంగి, ఆ వేలు తల్లి పెదవుల మీద పెట్టింది. రెండో చెయ్యి అలా చాచే ఉంది.