భానుమూర్తి తగ్గించిన రేటు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో, మేడ మీద భానుమూర్తి ఆఫీసు. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు అడిగేవాళ్ళ ఇల్లు ఎంత చేస్తుందో చూసి బ్యాంకుకు రిపోర్టు రాయడం ఆయన వ్యాపారం. తణుకు నుంచి వచ్చిన సివిల్ ఇంజనీరు. గోడను వేలితో తట్టి సిమెంటు ఎంత పడిందో చెప్పేవాడు. ఎల్.బి.నగర్ బ్రాంచి ఒక్కటే ఆయనకు పెద్ద గిరాకీ. అది పోతే ఆఫీసు మూసుకోవాల్సిందే.

ఆ బ్రాంచిలోకి రమ్య వచ్చింది. నల్గొండ వైపు పిల్ల. జాగ్రఫీలో ఎమ్మే చేసి, గ్రూప్స్ కోచింగులో పాఠాలు చెప్పి, తర్వాత వాల్యుయేషన్ చదివి లైసెన్సు తెచ్చుకుంది. ఏడాది తిరక్కుండానే సగం ఫైళ్ళు అటు మళ్ళాయి.

"జాగ్రఫీతో ఇళ్ళకు రేటు కట్టడమేంటండీ? రేపు హిస్టరీ వాళ్ళు కూడా వస్తారు" అన్నాడు భానుమూర్తి, మేనేజరు కుసుమకుమారితో.

ఆవిడ నవ్వలేదు. "హయత్‌నగర్ ఇంటి వెనకాల పూడిపోయిన వాగుందని ఆ అమ్మాయే రాసిందండీ. మీ రిపోర్టులో గోడలూ తలుపులే ఉన్నాయి."

ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

వానాకాలం మొదట్లో పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఇకపై బ్రాంచికి ఒక్క వాల్యుయరే. కుసుమకుమారి ఇద్దరికీ ఒకే ఇల్లు అప్పగించింది. బడంగ్‌పేట్‌లో, లారీ నడిపే సీతారాములు కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. ఎవరి రిపోర్టు నిలబడితే బ్రాంచి వాళ్ళది.

భానుమూర్తి వెళ్ళేసరికి రమ్య డాబా మీద ఉంది. చేతిలో నేల ఎత్తుపల్లాలు చూపించే పటం. చూపు ఇంటి మీద లేదు, చుట్టూ ఉన్న వీధుల మీద ఉంది.

"ఏంటమ్మా, ఇల్లు కింద పెట్టుకుని గాలి కొలుస్తున్నావు?"

"నీళ్ళు ఎటు పోతయో చూస్తున్న సార్. పై చెరువు నిండితే అలుగు నీళ్ళు గీ కాలనీలకెల్లే పోవాలె."

ఆ ఒక్క మాట ఆయన పట్టుకున్నాడు. ఈ పిల్ల ముంపు అని రాసి రేటు కోస్తుంది. తనకంటే ముందు నేనే కోస్తే? ఎప్పుడూ చేసేట్టు టీ కొట్టు దగ్గర కూర్చుని చుట్టుపక్కల రేట్లు ఆరా తీయలేదు. వీధి చివరిదాకా నడవలేదు. సాయంత్రానికల్లా "కాలనీ అంతా ముంపు ప్రాంతం" అని రాసి, మూడో వంతు తగ్గించి పంపేశాడు.

రెండు రోజులకు సీతారాములు ఆఫీసుకు ఎక్కొచ్చాడు.

"మా ఇంట్లకు నీళ్ళెప్పుడొచ్చినయి సార్? మునిగేది కింది గల్లీ, మాది మిట్ట! గా మేడం గల్లీ గల్లీ తిరిగి ముసలోళ్ళను అడిగింది. మీరేమో చాయ్ గుడ తాగకుంట పోతిరి!"

"ఆ అమ్మాయి ముంపని రాయలేదా?"

"లేదంట. మేనేజరమ్మ చెప్పింది. నా లోన్ సంగతేంది సార్?"

లోను సంగతి భానుమూర్తి చెవికెక్కలేదు.

ఆదివారం కుండపోత. భార్య ఉదయలక్ష్మి అడ్డం వచ్చింది. "ఈ వానలో ఎక్కడికండీ?"

"సైటుకి."

స్కూటరు మీద తడుస్తూ, సీతారాములు ఇంటి గేటు దాటి నీళ్ళు లోపలికి పోవాలని దారిపొడుగునా కోరుకుంటూ వెళ్ళాడు. కింది గల్లీలో బండ్ల సీట్ల దాకా నీళ్ళు. జనం సామాన్లు నెత్తినెత్తుకుని పోతున్నారు. ఆయన ప్రాణం లేచొచ్చింది. మలుపు తిరిగి పై గల్లీకెళ్ళాడు. అక్కడ రోడ్డు తడిసింది, అంతే. పడ్డ వాన పడ్డట్టే రెండు వైపులకూ జారిపోతోంది. కింది గల్లీ వాళ్ళ పరుపులూ ఫ్రిజ్జులూ సీతారాములు వరండాలో చేరాయి. వాటి మధ్య కూర్చున్న అండాలమ్మ అనే ముసలావిడ ఆయన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"నీ ఇల్లు గుడ మునిగిందా బిడ్డా? కూసో."

మర్నాడు బ్యాంకులో రెండు రిపోర్టులూ టేబుల్ మీద పెట్టింది కుసుమకుమారి. పక్క కుర్చీలో రమ్య.

"మూర్తిగారూ, మీరు వీధంతా తిరిగారా?"

"లేదండీ."

"మరి ముంపని ఎలా తెలిసింది?"

పాత అనుభవమనో, ఎవరో చెప్పారనో అనొచ్చు. కానీ నోటికి నిజమే వచ్చింది. "ఈ అమ్మాయి అలా రాస్తుందనుకున్నానండీ."

రమ్య తలతిప్పి చూసింది. "నన్ను అడిగితే చెప్దును గద సార్."

అడగడమే ఆయన వల్ల కాని పని. కుసుమకుమారి ఆయన రిపోర్టు మడిచి వెనక్కిచ్చింది. భానుమూర్తి మెట్లు దిగుతూ కూడా, పైన ఆమెకు ఎన్ని ఫైళ్ళు అందుతున్నాయో అని చెవి అటే వేసి ఉంచాడు.