పుచ్చకాయ తాబేలు

ఉగాది పొద్దున్న లేచింది మొదలు నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. వంటింట్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరగడమే సరిపోయింది. ఫ్రిజ్ తెరుస్తాను, మూస్తాను, మళ్లీ తెరుస్తాను. లోపలున్న పళ్లు ఎక్కడికీ పారిపోవని నాకూ తెలుసు.

"ఆ తలుపు ఊడి సేతికొచ్చేత్తాది," అన్నాడు గణేష్, హాల్లో కాళ్లు చాపుకుని. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. పండక్కి సెలవు దొరికితే ఇక ఆయనకి లోకంతో పనిలేదు. "పళ్లు కొయ్యడానికి ఇంత కంగారేటే?"

"నీకేటి తెలుస్తాది బావా," అన్నాను. చేతిలో ఉన్న కీరాకాయ కత్తిలా ఆయనవైపు తిరిగింది. ఆయన నవ్వుకుని ఫోన్‌లోకి తలదూర్చేశాడు.

నిజంగానే ఆయనకి తెలీదు. ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడు. గోపాలపట్నంలో ఈ ఫ్లాట్లోకి వచ్చిన కొత్తలో, కార్తీకమాసంలో, అపార్ట్‌మెంట్ వాళ్లంతా వనభోజనాలు పెట్టుకున్నారు. నేను పులిహోర చేశాను. తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, కొత్త గిన్నెలో కలిపాను. అందరి గిన్నెలూ గీరుకుని తిన్నారు. నా గిన్నె మీద మూత తీసినవాళ్లు లేరు. రెండో అంతస్తు చిట్టెమ్మగారి ముందు నేనే గరిటె పట్టుకుని నిలబడితే, "ఇవాళ నాకు ఉపవాసం అమ్మాయ్," అంది. కాసేపటికి చెట్టుకింద కూర్చుని ఎవరిదో బొబ్బట్టు తింటోంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే పోట్లాడేదాన్ని. ఏమీ అనకపోతే ఎవరితో పోట్లాడను? గిన్నె నిండుగా ఇంటికి వచ్చింది.

చిట్టెమ్మగారిది గోదావరి వైపు. ఆవిడ భర్త నరసింహమూర్తిగారు స్టీల్ ప్లాంటులో రిటైరై, ఇప్పుడు మా అసోసియేషన్‌కి పెద్ద. ఆవిడేమీ చేప ముట్టని మనిషి కాదు. ఆదివారం గేటు దగ్గరికి బండి వస్తే మొప్పలు ఎత్తి చూసి మరీ వంజరం ఏరుకుంటుంది. చేప తింటుంది, చేపలవాళ్ల అమ్మాయి కలిపిన పులిహోర తినదు. నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది.

అందుకే ఉగాదికి ఇంటికో వంటకం అనగానే అందరికంటే ముందు వాట్సాప్ గ్రూపులో రాసేశాను. పిల్లలకోసం జంతువు ఆకారంలో పళ్లూ కూరగాయల పళ్లెం నేను తెస్తానని. పచ్చి పండు పొయ్యి ఎక్కదు, దానికి గరిటె తగలదు. దాన్ని కూడా వద్దన్నారంటే ఇక నేనే వద్దని అర్థం. ఆ సంగతి ఈ సాయంత్రం తేలిపోవాలి.

వీడియోలో ఎవరో దొరసాని ముల్లంగి చెవులతో, ద్రాక్షపళ్ల కళ్లతో ముద్దొచ్చే కుందేల్ని చేసింది. నేను చేస్తే గాడిద వచ్చింది. ముల్లంగి చెవులు ఎండకి వాడి రెండు పక్కలకీ వాలిపోయాయి. బొప్పాయి ముక్కలు నీళ్లొదులుతున్నాయి. సరిగ్గా అప్పుడే మా అమ్మ పోతమ్మ వచ్చింది, పెదజాలారిపేట నుంచి రెండు బస్సులు మారి. సంచినిండా పచ్చిమామిడికాయలు, వేపపువ్వు, అడుగున పేపర్లో చుట్టిన ఎండుచేపలు.

"ఏటే సూరమ్మా అది? గాడిదా?" అంది.

"కుందేలు."

"కుందేలుకి కుసింత జొరమొచ్చినట్టుంది."

గణేష్ పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. చెవులు పీకి చెత్తబుట్టలో పడేశాను. ఎండుచేపల పొట్లం తీసి మూడు కవర్లలో చుట్టి, పై అరలో పప్పుల డబ్బాల వెనక్కి తోశాను. అమ్మ చూసి, వేపపువ్వు ఏరడానికి కూర్చుంది. నాకు ఇంకా చిరాకు పుట్టింది.

ఇక మిగిలింది పుచ్చకాయ. సగానికి కోసి, గుజ్జు తీసేసి, డొప్పని బోర్లించాను. అది గట్టు మీద పచ్చగా, గుండ్రంగా కూర్చుంది. అలా చూస్తూ ఉంటే నాకు కాళ్లు కనిపించడం మొదలైంది. కీరాకాయల్ని నిలువుగా చీల్చి నాలుగు పక్కలా ఈదుతున్నట్టు పెట్టాను. ముక్కు తేలిన పచ్చిమామిడికాయ ఒకటి అమ్మ సంచిలోంచి తీసి ముందు పెడితే అదే తల. లవంగాలు కళ్లు. డొప్ప మీద కత్తి మొనతో గళ్లు గీస్తే పచ్చదనం కింద తెల్లగా చారలు తేలాయి. ఇత్తడి తాంబాళంలో పుచ్చముక్కలు, ద్రాక్ష, జామ, క్యారెట్, బొప్పాయి కుప్పగా పోసి దాన్ని పైన బోర్లించాను. పళ్లన్నీ కడుపులో దాచుకుని పాకుతున్న తాబేలు.

"బావా, సూడు," అన్నాను.

ఆయన ఫోన్ పక్కన పెట్టి లేచి వచ్చాడు. ఫోన్ పక్కన పెట్టాడంటే బాగున్నట్టే.

గబగబా స్నానానికి పరిగెత్తాను. చీర కుచ్చిళ్లు సరిగ్గా పడలేదు, పిన్ను దొరకలేదు, దొరికింది వేలికి గుచ్చుకుంది. కింద అసోసియేషన్ హాల్లో మైకు పరీక్షించడం వినిపిస్తోంది. బయటికి వచ్చేసరికి వంటింట్లో కర్పూరం వాసన.

తాబేలు వీపంతా పసుపు. నడుమ పెద్ద కుంకుమబొట్టు. బొట్టు మీద మందారప్పువ్వు. ముందు పళ్లెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. మా అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది.

"ఏటి సేసేవే," అన్నాను.

అమ్మ కళ్లు తెరిచింది. "తాబేలు కదేటే. ఇంట్లోకొచ్చిన తాబేలుకి బొట్టెట్టకుండా పంపుతామేటి?"

అమ్మ అది కావాలని చేసిన పని కూడా కాదు, అలవాటు. వలలో తాబేలు పడితే మావాళ్లు దాన్ని చంపరు. కూర్మనాథస్వామి అంటారు. వల తెగినా పరవాలేదు, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. చిన్నప్పుడు ఇసకలో నేనూ పెట్టాను బొట్లు. కానీ ఇది పుచ్చకాయ. తినడానికి చేసింది. తడిగుడ్డతో తుడిచాను. కుంకుమ కరిగి ఇంకా పాకింది. పసుపు తెల్లచారల్లోకి దిగిపోయింది. వేరే పుచ్చకాయ లేదు, వేళ కూడా లేదు.

"నాశనం సేసేవమ్మా. ఇప్పుడు ఒక్కలు కూడా ముట్టరు."

"ఎందుకు ముట్టరే?" అంది అమ్మ, నిజంగానే అర్థంకాక.

నేను చెప్పలేదు. పులిహోర సంగతి అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. తుడిచినచోట అమ్మే మళ్లీ బొట్టు దిద్దింది. మిగిలిన మామిడికాయ ఒకటి, కత్తి ఒకటి చేసంచిలో వేసుకుని, గణేష్ చేత తాంబాళం ఎత్తించి కిందికి దిగాను. ఒకవేళ తల ఊడితే పెట్టుకోవడానికి ఆ మామిడికాయ.

అనుకున్నంతా అయింది. కాకపోతే ఇంకో రకంగా అయింది.

"అయ్యో, కూర్మావతారం," అంది ఎవరో. అంతే, ఆడవాళ్లంతా చుట్టూ చేరి చేతులు జోడించారు. ఫోటోలు తీశారు. నరసింహమూర్తిగారు వచ్చి కళ్లజోడు సర్దుకుని, "దీన్ని తిండి బల్ల మీద పెడతారేవిటండీ," అని తాంబాళాన్ని పంచాంగం పుస్తకం పక్కకి మార్పించారు. ఒకావిడ పంచాంగం ముందున్న పూలలోంచి మల్లెచెండు తీసి మెడ చుట్టూ వేసింది. చాకు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, "దేవుడికి కత్తి పెడతావా అమ్మా, పాపం," అంది.

పంచాంగ శ్రవణం అయింది. నా రాశికి ఏం చెప్పారో వినలేదు. బొబ్బట్లు అయిపోయాయి, గారెలు అయిపోయాయి, దద్దోజనం గిన్నె గీకుతున్న చప్పుడు నా చెవిలోనే వినిపించింది. పిల్లలు తాబేలు దగ్గరికి వస్తే తల్లులు చెయ్యి పట్టుకుని లాగేస్తున్నారు. ఆనాడు ముట్టలేదు. ఈనాడు దండం పెట్టి మరీ ముట్టలేదు. నిండుగా తెచ్చిన పళ్లెం నిండుగానే మెట్లెక్కుతుంది. గోడవారగా ఒక చివరినుంచి ఇంకో చివరికి నడుస్తూనే ఉన్నాను.

అమ్మ గుమ్మం దగ్గరే, చెప్పుల పక్కన నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. నా ముఖం చూసింది, తాంబాళం చూసింది, అయిపోయిన గిన్నెలన్నీ చూసింది. ఏం అర్థమైందో గాని, కొంగు నడుముకి దోపి తిన్నగా నడిచి వచ్చేసింది.

"మా వలలో తాబేలు పడితే, బాబూ," అంది నరసింహమూర్తిగారితో, "పసుపెట్టి బొట్టెట్టి నీళ్లలోకి ఒగ్గేత్తాం. కొయ్యం. ఇదీ కొయ్యకూడదు. ఎత్తాల."

రెండు చేతులతో డొప్పని మల్లెచెండుతో సహా ఎత్తి పక్కన పెట్టింది. కింద ఎర్రగా, పచ్చగా, నల్లగా పళ్లు, తడితో మెరుస్తూ.

"సామి కడుపులోది పెసాదం. పిల్లలకి ఎట్టండి," అంది అమ్మ. తిరిగి చెప్పుల దగ్గరికి వెళ్లిపోయింది.

ప్రసాదాన్ని ఎవరు కాదంటారు? వరస కట్టారు. నేను చెంచాతో వేస్తుంటే కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి పట్టారు. చిట్టెమ్మగారు కూడా వచ్చింది. నాలుగు ద్రాక్షలు, ఒక పుచ్చముక్క వేశాను. కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. కాసేపట్లో తాంబాళంలో ఎర్రనీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"అయిపోనాయి కదా. ఇప్పుడైనా కూకో," అన్నాడు గణేష్.

కూర్చోలేకపోయాను. ఎంత కోరుకున్నానో ఈ ఖాళీ పళ్లెం. తీరా చూస్తే సంతోషం రాలేదు. వీళ్లు తిన్నది దేవుడి దగ్గర. నా దగ్గర కాదు. మా అమ్మ పెట్టిన బొట్టు తీసేస్తే ఆ పళ్లు మళ్లీ నా పులిహోరే.

నాకు కోపం వస్తే ఆగను. సంచిలోంచి మామిడికాయ తీశాను. అక్కడే, అందరూ చూస్తుండగా, చేతిలో పెట్టుకుని చెక్కు తీయకుండా కోశాను. ఒక ముక్క పట్టుకుని కుర్చీలో కూర్చున్న చిట్టెమ్మగారి ముందుకి వెళ్లాను.

"ఇది ప్రసాదం కాదండీ. వట్టి మామిడికాయ. నేను కోశాను. తింటారా?"

ఆవిడ నా చేతివైపు చూసింది. తర్వాత నావైపు. ఉపవాసం అని మళ్లీ అంటుందా అని చూస్తున్నాను. గణేష్ వెనకనుంచి నా మోచెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నాను.

చిట్టెమ్మగారు ముక్క అందుకుంది. అలవాటుగా చెయ్యి కళ్లదాకా లేచింది. మధ్యలో ఆగి, కిందికి దిగింది. ఉత్తినే నోట్లో పెట్టుకుని కొరికింది.

ముఖమంతా ముడుచుకుపోయింది. "అబ్బ, పులుపు. కాస్త ఉప్పూ కారం ఉంటే బావుణ్ణు అమ్మాయ్."

"మా ఇంట్లో ఉన్నాయి."

"పద అయితే," అని లేచింది. అమ్మనీ గణేష్‌నీ కిందే వదిలేసి ఇద్దరం లిఫ్టెక్కాం.

ఆవిడ మా గుమ్మం దాటడం అదే మొదలు. వంటింట్లో కర్పూరం వాసన తగ్గిపోయి, మూడు కవర్లలోంచి కూడా ఎండుచేపల వాసన తెలుస్తోంది. ఆవిడకీ తెలిసింది. ముక్కు మూసుకోలేదు. స్టూలు తనే లాక్కుని కూర్చుంది. నేను సాసర్లో ఉప్పూ కారం కలిపి ముందు పెట్టి, ఫ్రిజ్ తెరిచి, మూసి, నీళ్ల బాటిలు ఇటునుంచి అటు పెట్టాను.

"ఎంతసేపు తిరుగుతావు? కూర్చో," అంది.

కూర్చున్నాను. పొద్దుటినుంచి మొదటిసారి. కాళ్లు పీకుతున్నాయని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకే సాసర్లో ముక్కలు అద్దుకుని తింటున్నాం. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, నావైపు తిరక్కుండా అడిగింది.

"కార్తీకంలో పులిహోర తెచ్చావు కదూ. అందులో ఇంగువ వేశావా?"

చేతిలో ముక్క సాసరు అంచున పెట్టాను. పోనీలే అనేస్తే అయిపోయేది. అనలేదు.

"తిని ఉంటే తెలిసేదండీ," అన్నాను.

చిట్టెమ్మగారు కిటికీ వదిలి నావైపు తిరిగింది. తర్వాత సాసరు కొంచెం నావైపు జరిపింది.